మామ తొక్కని పట్నం

మా మేనమామ పోయాడన్న వార్త నాకు రెండుసార్లు అందింది. మొదటిసారి కోదాడ బస్టాండులో. నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీ నుంచి బయటపడి చాయ్ తాగుతుంటే అత్త ఫోన్ చేసింది. "మీ మామ లేడే" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. రెండోసారి మర్నాడు పేపరు జిల్లా పేజీలో, నాలుగే వరుసలు. 'ప్రముఖ జానపద కళాకారుడు కన్నుమూత.' పక్కన ఒక ఫొటో. సూర్యాపేటలో నేను చదివిన కాలేజీ ఆడిటోరియం స్టేజీ, దాని మీద ఐదు రంగుల పెద్ద ముగ్గు, ముగ్గు చుట్టూ పసుపుపచ్చ తాడు. ఒక మూలన మామ వీపు.

మామ కళాకారుడు కాదు. ఆ మాట మొదట రాసింది పేపరువాళ్ళు కాదు, నేను. ఆ ఫొటో తీసింది కూడా నేనే. మామను మీరు అట్లా గుర్తు పెట్టుకుంటే ఆ తప్పు నాది అవుతుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

మామది తిరుమలగిరి దాటినాక వచ్చే చిన్న ఊరు. బోరు పోసినంత మేర పత్తి, మిగతాదంతా గొర్లు తిరిగే బీడు. మామకు నలభై గొర్లుండేవి, దాంతోపాటు ఒగ్గు ఉండేది. ఒగ్గంటే చేతిలో పట్టి వాయించే చిన్న డమరుకం. అది పట్టినవాడు మల్లన్నకు పూజారి. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మల్లన్నకు మొక్కుకున్న ఇంట్లో కోరిక తీరినాక నేల శుభ్రం చేసి ఐదు రంగుల పొడులతో పెద్ద ముగ్గు వేయిస్తారు. దాన్ని పట్నం అంటారు. పూజారి దాని ముందర కూర్చుని దేవుణ్ణి పిలుస్తాడు, కథ చెప్తాడు, దేవుడికి లగ్గం చేస్తాడు. ఆఖరికి పూజారీ, ఇంటివాళ్ళూ కలిసి ఆ ముగ్గునే తొక్కుతారు. నాలుగు గంటలు నడుం వంచి వేసింది పది నిమిషాల్లో కాళ్ళ కింద కలిసిపోతుంది. అట్లా తొక్కితేనే వచ్చిన దేవుడు తిరిగి వెళ్ళినట్టు.

"పిలుసుడు ఎవలైనా పిలుస్తరు కోడలా. సాగనంపుడే పని" అనేవాడు మామ.

రంగులు కొనేవాడు కాదు. ఆకుపచ్చ కోసం ఆకులు నీడన ఎండబెట్టి, దంచి, నా పాత చున్నీలో జల్లించేవాడు. నలుపుకు మిర్యాలగూడ మిల్లు ఊక కావాలి. అక్కడికి పోయే ప్రతి డ్రైవర్నీ ఒక సంచి తెమ్మని బతిమాలేవాడు. ఆ ఊకను మంట లేవకుండా కాల్చడం ఒక విద్య. కొంచెం ఆదమరిస్తే తెల్ల బూడిద అవుతుంది. అట్లా అయినప్పుడల్లా తప్పు అత్త మీదికి తోసేవాడు. "నీ మాటలకే కాలింది ఇది" అనేవాడు. "నా మాటలకే కాలుడుంటే నువ్వు ఎప్పుడో కాలేటోనివి" అని అత్త పొయ్యి దగ్గర్నుంచే అనేది.

నేను ఎక్కడా కుదురుగా ఉండనని ఆయనకు ఒకటే నవ్వు. మూడేళ్ళలో సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ మారాను. "మా కోడలు ఎర్రబస్సు లెక్క. ప్రతి స్టేజీల ఆగుతది, ఏ ఊరికీ చెందదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఎం.ఏ.లో చేరిన కొత్తలో నాకు ప్రశ్నలెక్కువయ్యాయి. ఒకరోజు గొర్ల దొడ్డి దగ్గర అడిగాను. "మామా, మల్లన్న ఉన్నడని నువ్వు నిజంగ నమ్ముతవా?"

మామ నా వైపు వింతగా చూశాడు. కోపం రాలేదు, ప్రశ్నే అర్థం కాలేదు. "నమ్ముడంటే ఏంది? ఇంట్ల కూసొని ఉన్నడు ఉన్నడు అనుకునుడా?"

"అంతే గద."

"గట్ల నాకు రాదే. ఎవలింట్లనో మొక్కు ఉంటది, పొద్దటిసంది ఒక్కపొద్దు ఉంటరు, పట్నం ఏస్త, పిలుస్త. అప్పుడు ఉంటడు. రేపు గొర్లకాడ నన్ను ఆపి ఉన్నడా అంటే నేనేం చెప్త?"

నేను ఇంటికి పోయి ఇది నోటుబుక్కులో రాసుకున్నాను. విశ్వాసమంటే మనసులో దాచుకున్న అభిప్రాయం కాదు, సందర్భంలో చేసే పని అని కింద గీత గీసుకున్నాను. నాకే ఎంతో ముచ్చటేసింది.

సందర్భమంటే నేను ఊరు, బీడు, గొర్లు, మట్టిగోడలు అనుకున్నాను. అదీ తప్పే. సూర్యాపేటలో ఒక అపార్ట్‌మెంటు కింద, పార్కింగులో, రెండు స్కూటీల మధ్య మామ పట్నం వేయడం నా కళ్ళతో చూశాను. ఆ ఇంటివాళ్ళ బిడ్డ దవాఖాన నుంచి బతికి వచ్చింది, అందుకని మొక్కు. పైనుంచి ఎవరో బకెట్ నీళ్ళు ఒంపితే మామ ఆ మూల చెరిపి, తుడిచి, మళ్ళీ వేశాడు, అంతే. ఫోన్లో రికార్డు చేసుకుంటాను, ఊరికే ఒక పాట పాడు మామా అని అదే సాయంత్రం బతిమాలితే మాత్రం పాడలేదు. "ఊకనే పాడితే ఇనేదెవరు?" అన్నాడు. "నేను ఇంట గద." "నువ్వు ఇనేది పాట" అని చెప్పులు తొడుక్కున్నాడు.

పార్కింగులో కుదిరింది, నా ఫోన్లో కుదరలేదు. ఎందుకో ఆలోచించాల్సింది. నేను ఆలోచించలేదు.

ఎం.ఏ. రెండో ఏడు మా కాలేజీలో రెండు రోజుల సెమినార్ పెట్టారు. మతచింతనలో విశ్వాసం అని విషయం. సెమినార్ అయిన మర్నాడే కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం రావాలి. స్టేజీ మీద 'లైవ్‌'గా ఏదైనా ఉంటే బాగుంటుందని ప్రిన్సిపాల్ గారన్నారు. నా చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఆహ్వానపత్రంలో మామ పేరు పక్కన 'ప్రముఖ జానపద కళాకారుడు' అని రాసింది నేనే. నా పేపరు కూడా విశ్వాసమూ సందర్భమూ అన్నదే. ఇప్పుడు చెబుతుంటే నాకే చేదుగా ఉంది.

మామ అడిగింది ఒక్కటే. "మొక్కు ఎవలిది?"

"నాదే అనుకో మామా."

"అనుకునుడేంది. ఉన్నదా, లేదా?"

"ఉన్నది. ఎం.ఏ. సీటు రావాలని మొక్కిన, వచ్చింది."

అబద్ధం. నేను జన్మలో ఏ దేవుడికీ ఏదీ మొక్కలేదు. మామ ఒప్పుకున్నాడు. సెమినార్ మొదటి రోజు పొద్దున్నే మంచినీళ్ళు కూడా ముట్టకుండా, రంగుల డబ్బాలు గొంగడిలో కట్టుకుని మొదటి బస్సుకు దిగాడు. నేను క్యాంటీన్లో దోసె తిని ఎదురుపోయాను.

స్టేజీ మీద ఆయన పట్నం వేస్తుంటే రెండు వందల మంది ఫొటోలు తీశారు. ఎవరో లెక్చరర్ మైకులో 'ఈ కళారూపం' అని వివరిస్తూనే ఉన్నాడు. మామ అవేవీ పట్టించుకోలేదు. పని అయినాక ఒగ్గు తీసి, గొంతు సవరించుకుని, నా పేరు, మా అమ్మ పేరు, ఇంటిపేరు చెప్పి పిలిచాడు. నా అబద్ధపు మొక్కు మీద పిలిచాడు. లగ్గం చేశాడు. ఇక తొక్కాలని లేచేసరికి ప్రిన్సిపాల్ గారు పరుగున వచ్చారు.

"అయ్యో, చెరపకండి. ఎల్లుండి టీమ్ వాళ్ళు చూడాలి. చుట్టూ తాడు కట్టించేద్దాం."

మామ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు పూర్తిగా అర్థమైంది. అయినా అన్నాను, "రెండు దినాలే గద మామా. ఎల్లుండి వచ్చి తొక్కుదువు."

"ఉంచుతరా మరి?"

"నేను ఉంట గద."

ఆయన ఒక్కపొద్దు విడవకుండానే బస్సెక్కాడు. మూడోనాడు బృందం వచ్చింది, చూసింది, బిస్కెట్లు తిన్నది, పోయింది. నా పేపరుకు మొదటి బహుమతి వచ్చింది. షీల్డు పట్టుకుని ఫొటో దిగి నేను ఆడిటోరియం పోయేసరికి తాడు లేదు, పట్నం లేదు. ఊడ్చి ఫినాయిల్‌తో తుడిచారు. మామ అప్పటికే బస్సులో ఉన్నాడు. ఫోన్లో చెప్పాను.

బస్సు చప్పుడు మీదుగా మామ "చీపురుతోనా?" అన్నాడు. నేను అవునన్నాను. ఏదో స్టేజీలో దిగి వెనక్కి పోయాడట.

ఆ తర్వాత మామ పట్నం వేయలేదు. మోకాళ్ళు నొస్తున్నాయని అందరికీ చెప్పాడు. మోకాళ్ళు నొచ్చేవాడు రోజంతా గొర్ల వెంట ఎట్లా తిరుగుతాడని ఎవరూ అడగలేదు. మొక్కులవాళ్ళు ఇంకో పూజారిని చూసుకున్నారు. ఒక్కసారి మాత్రం నాతో విప్పి మాట్లాడాడు. "పిలిచిన కోడలా. వచ్చిండు. పో అని ఎవలూ చెప్పలే. గాడనే ఉన్నట్టు. జర మీ సారును అడుగు, ఒక్క గంట ఇయ్యమను. మళ్ళ ఏసి, తొక్కి వస్త."

నేను అడగలేదు. ఏమని అడగాలి? సర్, మా దేవుడు మీ స్టేజీ మీద ఉండిపోయాడు అని చెప్పాలా? బహుమతి తెచ్చిన విద్యార్థిని నోటి నుంచి ఆ మాట ఎట్లా వస్తుంది? వారం ఆగి మామతో చెప్పాను. "అడిగిన మామా. ఒప్పుకోలే."

"అడిగినవ్ గద. సాలు తీ" అన్నాడు.

ఆ తర్వాత మామ బతికిన రెండేళ్ళలో నేను పోయినప్పుడల్లా ఎర్రబస్సు వచ్చిందనే నవ్వాడు. పెరుగన్నంలో మామిడి తొక్కు వేయించాడు. ఏమీ తేడా చూపించలేదు. అందుకే నేను మరిచిపోగలిగాను.

దినాల నాడు ఊరికి పోయాను. కాలేజీ తరఫున 'కళాకారునికి నివాళి' అని ఫ్లెక్సీ వచ్చింది. మామ కొడుకు, వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే బావ, దాన్ని దొడ్డి గోడకు కట్టాడు. ఆయన ఒగ్గు నేర్చుకోలేదు, ఇంట్లో ఇంకెవరికీ రాదు. అత్త నాకు అన్నం పెడుతూ, నా ముఖం చూడకుండా మొదలుపెట్టింది.

"మీ కాలేజీకి పోయిండు ఆయన. తెలుసా నీకు?"

"ఎప్పుడత్తా?"

"సారు ఒప్పుకోలేదని నువ్వు చెప్పినంక. ఒకపాలి నేనే కాళ్ళు పట్టుకుంట అని పోయిండు. గేటు కాడ కూసున్నడంట పొద్దుగూకేదాక. సారు కారుల వస్తుంటే అడ్డం పోయి అడిగిండు. సారేమన్నడో ఎరుకనా? నన్ను ఎవరూ అడగలేదే, రేపు రండి పెద్దాయనా, దానికేముంది, అన్నడంట."

నా చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"తెల్లారి పొమ్మన్న. పోలే. నేను పోయి పట్నం ఏస్తే పది మందికి తెలుస్తది, కోడలు అబద్ధం ఆడిందని అయితది, అన్నడు." అత్త కూర గిన్నె కింద పెట్టింది. "నీ మొఖం కోసం దేవున్ని గాడ ఇడిసిపెట్టిండు. రెండేండ్లు నిద్దర లేకుంట దొర్లిండు. తిను, సల్లగైతది."

నేను చదివిన పుస్తకాల్లో విశ్వాసం గురించి చాలా ఉంది. దేవుడి కోసం మనుషుల్ని వదులుకున్నవాళ్ళ మాట ఉంది, అట్లాంటివాళ్ళను మెచ్చుకోవడమూ ఉంది. ఒక అబద్ధాలకోరు మేనకోడలి పరువు కోసం దేవుణ్ణి వదులుకుని, ఆ తప్పు తన మీదే వేసుకుని, నోరెత్తకుండా పోయినవాణ్ణి ఏమనాలో వాటిలో లేదు. నా పేపరులో అసలే లేదు.

మర్నాడు సూర్యాపేటలో దిగి తిన్నగా కాలేజీకి పోయాను. ప్రిన్సిపాల్ గారు మామ గురించి రెండు మంచి మాటలు చెప్పారు, గొప్ప కళాకారుడన్నారు. ఆడిటోరియంలోకి ఒక్క పది నిమిషాలు పోతానని అడిగాను.

"దానికేముందమ్మా, వెళ్ళు. తాళం తీసే ఉంది" అన్నారు, ఫైలు మీద నుంచి తల ఎత్తకుండానే. నేను రెండేళ్ళు అడగలేకపోయిన మాట అది. అర నిమిషం పట్టింది.

లోపల ఫ్రెషర్స్ డేకి తయారీ నడుస్తోంది. స్టేజీ మీద ఎవరో మైకును ఊది చూస్తున్నారు. నేను చెప్పులు కింద వదిలి మెట్లెక్కాను. టైల్స్ చల్లగా ఉన్నాయి. పట్నం ఎంత మేర ఉండేదో గుర్తుంది. మామ తొక్కుతుంటే ఎన్నోసార్లు చూశాను, అడుగు ఎట్లా పడాలో తెలుసు. ముందు కుడికాలు, తర్వాత ఎడమ, చుట్టూ తిరిగి మధ్యలోకి. ఉత్త నేల మీద అట్లాగే తొక్కుతూ మధ్య దాకా వచ్చాను. అక్కడ పూజారి దేవుణ్ణి సాగనంపే మాట ఒకటి చెప్తాడు. అది విన్నాక అందరూ ఆగుతారు, మొక్కుతారు, దిగుతారు. ఆ మాట మామకు వచ్చు. నాకు రాదు.

"మేడం, కొంచెం పక్కకు జరుగుతారా? కార్పెట్ పరవాలె" అని వెనక నుంచి ఎవరో అమ్మాయి అడిగింది. ఎర్ర చుట్టను చెరో కొస పట్టుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు. బరువుకు చేతులు మార్చుకుంటున్నారు. నా కాళ్ళకు చెప్పులు లేకపోవడం చూసి తమవీ విడవాలా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను దిగుతానని వాళ్ళు, దిగొచ్చని ఎవరైనా చెప్తారని నేను, అట్లాగే నిలబడ్డాం.