హౌజులో కొర్రమీను పిల్లలు

చిలకలగూడలో మేము అద్దెకున్న ఇంటి ముందు భాగంలో ఇంటి యజమానురాలు ఉండేది. భర్త పోయిన ముస్లిం స్త్రీ. పిన్నిని పిలిచినట్టు నేను ఖాలా అని పిలిచేదాన్ని. పెరట్లోని పాత నీళ్ల హౌజులో కొర్రమీనులు పెంచి అమ్ముకునేది.

ఆ వానాకాలంలో ఆమె కొడుకు నేరేడ్‌మెట్ వైపు చెరువు నుంచి కడవలో చేపపిల్లల్ని తెచ్చి హౌజులో వదిలాడు. ఎర్రగా, సన్నగా, అన్నీ ఒకే గుంపుగా తిరిగేవి. తర్వాత అతను పనిమీద బీదర్ వెళ్లాడు. అంతలోనే సైన్యం దిగి పోలీస్ యాక్షన్ మొదలైంది.

బీదర్ వైపు ముస్లింల ఇళ్ల మీద దాడులు జరుగుతున్నాయని విన్నాం. రైళ్లు ఆగాయి. దుకాణాలు మూతబడ్డాయి. చేపపిల్లలకు వేసే పల్లిచెక్క పొడి, అంటే పల్లీల నుంచి నూనె తీశాక మిగిలిన పిప్పి, అయిపోయింది. ఖాలా అన్నం మెదిపి వేస్తే అవి ముట్టలేదు. అన్నం అడుగున పులిసి నీళ్లు కంపు కొట్టాయి. పొద్దున చూస్తే కొన్ని వెల్లకిలా తేలుతుండేవి.

"కొడుకు యాడున్నడో తెల్వది బిడ్డా. గీటినన్న బతికించుకుందమంటే గివి సుత గిట్ల జేస్తున్నయ్" అంది ఖాలా. ఆమె కూడా అన్నం సరిగా తినడం లేదు.

పెరటి మూలన బర్రెల కోసం వాడిన కుడితి గోలెం ఒకటి ఉండేది. బర్రెల్ని అమ్మేశాక అందులో వాననీళ్లు నిండి పచ్చబడ్డాయి. దాన్ని కడుగుదామని వంగితే, నీళ్లలో ఎర్రటి నలుసులు గెంతుతున్నాయి. ఆవగింజలో సగం కూడా లేని పురుగులు. ఏమనుకున్నానో గాని, ఒక చెంబెడు ముంచి హౌజులో పోశాను. చేపపిల్లల గుంపంతా ఒక్కసారి ఇటు తిరిగింది.

"యా అల్లా, తింటున్నయ్!" అంది ఖాలా.

"కదిలేదైతెనే దింటయేమో ఖాలా" అన్నాను.

మా ఆయనకు అది నచ్చలేదు. "దోమలైతయ్, పారబోయ్" అన్నారు.

"దోమపిల్లల్ని సుత గీ చేపలే మింగుతయ్ బేటా, జెర ఆగు" అని ఖాలా ఆయన్ని నవ్వించింది. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

ఒకసారి ఆత్రంగా పురుగులన్నీ తోడేసి, మళ్లీ అవి పుట్టేదాకా దిగులుపడ్డాం. ఆ తర్వాత ఇంకో గోలెం కూడా పెట్టి, రెండింట్లో పేడనీళ్లు కలిపి, పచ్చబడ్డాక కాసిని పురుగులు విత్తనంలా వదిలేవాళ్లం. పురుగులు ఆ పచ్చదనాన్ని తినేవి, చేపపిల్లలు పురుగుల్ని తినేవి. చావులు ఆగాయి. పిల్లల పొట్టలు గుండ్రమయ్యాయి. ప్రాణమున్న ఆ మేత లేత పొట్టకు సులువుగా అరుగుతుందనీ, కండ పట్టించే సత్తువ అందులోనే ఎక్కువనీ చాలా ఏళ్లకు ఎక్కడో చదివాను. చెక్కపొడి మిగిలితే నీళ్లు చెడతాయి. ఈ పురుగులైతే చేపల నోట పడేదాకా ఈదుతూనే ఉంటాయి. అది మాత్రం మేం కళ్లారా చూసిందే.

ఒక మధ్యాహ్నం కొడుకు వచ్చాడు. గడ్డం పెరిగి, సగమయ్యాడు. ఖాలా అతని ముఖం రెండు చేతులా తడిమి, చెయ్యి పట్టి హౌజు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఏం బెట్టినవమ్మీ, గింత పెద్దగయినయ్?"

ఖాలా నా వైపు చూపించింది. అతను చెంబుతో గోలెం నీళ్లు పోస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.