తాకని దారం

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా ఆయన గద్వాల బజారు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు.

"ఏందయ్యా, గిట్లొచ్చినవ్? కాలు సుర్రుమనలేదా?"

"సుర్రుమంటే నాకు తెల్వదా?" అని నవ్వాడు.

అరికాలు చూస్తే బొబ్బలు. షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. కాళ్ల తిమ్మిరి మగ్గం గుంటలో కూర్చునేవాళ్లందరికీ ఉండేదే అనుకునేవాళ్లం. చీర అంచు నేసే నాడె అందిస్తూ రోజూ ఆయన పక్కనే కూర్చునే నేనూ అంతే అనుకున్నాను.

మరునాడు వనపర్తి దవాఖానకు బయల్దేరాం. బస్సులో దారిపొడుగునా దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నా, కాలు తీసేయించుకున్న మా వీధి పెద్దాయన చంక కర్రలే కళ్లముందు ఆడాయి.

డాక్టరమ్మ చిన్న పిడికి బిగించిన సన్నటి ప్లాస్టిక్ దారం తీసింది.

"దారంతోనా పరీక్ష? మా బతుకే దారం మీద ఉన్నది మేడం," అన్నాడాయన.

"అయితే పాసైతవ్ తియ్యి. కండ్లు మూస్కో. తాకినప్పుడల్లా 'ఆ' అను."

దారం వంగేదాకా అరికాలికి ఆనించి, ఒకే లయలో తీస్తోంది. "ఆ... ఆ... ఆ..." ఒక్కటీ తప్పలేదు. మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అంతలో ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆ... ఆ..." ఆయన అంటూనే ఉన్నాడు. మాట్లాడొద్దని ఆమె నాకు సైగ చేసింది. అది మగ్గం తొక్కే వరస. వరస దొరికాక ఆయన నోరు దానంతటదే నడుస్తోంది. మోసం కాదు, తాకుతోందనే నమ్ముతున్నాడు.

"మల్ల చేద్దాం. ఈసారి నా ఇష్టమొచ్చినప్పుడు ముడ్త."

బొటనవేలి కింద దారం వంగింది, లేచింది. మడమ దగ్గర మళ్లీ వంగింది. ఆయన మొహంలో ఓపికగా ఎదురుచూడడం తప్ప ఏమీ లేదు.

"ఇంక షురూ చెయ్యరా మేడం?"

పాదాల నరాలు దెబ్బతిన్నాయని ఆమె మెల్లగా చెప్పింది.

"కాలు తీస్తరా?" అన్నాడాయన.

"ఇప్పుడైతే ఆ అవసరం లేదు. పుండు పడితే మాత్రం నీకు తెల్వదు, ముప్పు అక్కడున్నది. రోజూ అరికాళ్లు చూస్కోవాలె."

"నాకు వంగి చూసుడు కాదు మేడం."

"మీ ఆమె లేదా?"

ఆ ఒక్క మాటతో నా చేతికి పని చూపించిన ఆ తల్లి చల్లగా ఉండాలి. పొద్దున దీపం పెట్టగానే ఆయన కాళ్లు ఒళ్లోకి తీసుకుంటాను. "ఏమన్న ఉన్నదానే?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. వేళ్ల సందులన్నీ చూసేదాకా జవాబివ్వను. ఏమీ లేదని చెప్పే ముందు, ఇంకోసారి చూస్తాను.