ఇంటికొక్క ఉద్యోగం

మా అన్న పోయాడు. కబురు చెప్పింది మా వదిన. ఫోనులో ఏడుపు లేదు, కేక లేదు. "మీ అన్నకి దగ్గు ఆగిపోనాది మరిదీ" అంది. ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. కొత్త మందు పనిచేసిందనుకున్నాను. "మంచిదే కదా వదినా" అని కూడా అనేశాను. అవతల నుంచి ఎంతకీ జవాబు రాకపోయేసరికి అప్పుడు అర్థమైంది. మాట్లాడటమే పనిగా పెట్టుకుని ఇంతకాలం బతికినవాణ్ణి. అన్న చావుకి నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

పెందుర్తిలో మా కాలనీ మందిరంలో శనివారాలు నేను చెప్పే ప్రవచనాలు విన్నవాళ్ళు నన్ను ఎరుగుదురు. నేను గురువు దగ్గర కూర్చుని చదువుకున్నవాణ్ణి కాను. స్టీలు ప్లాంటులో పనిచేసినన్నాళ్ళూ షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య గ్రంథాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పటికీ చేతిసంచిలో ఒక గ్రంథం లేనిదే గుమ్మం దాటను. లోభం మీద, సోమరితనం మీద, తాగుడు మీద నిప్పులు కురిపిస్తానని పేరుంది. ఆ గొంతు వెనకాల ఉన్న మనిషిని మాత్రం మీరు ఎరుగరు. మా అన్న కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒంటిగది ఇంట్లో ఉండేవాడు. సిమెంటు గోడౌనులో కళాసీ. బతుకంతా లారీల్లోంచి బస్తాలు దింపాడు, లారీల్లోకి బస్తాలు ఎక్కించాడు.

మా ఊరు ఇప్పుడు లేదు. అది ఉన్నచోట ప్లాంటు ఉంది. మా నాన్న అప్పటికే పోయాడు. ఉన్న కాస్త వరి మడి, జీడితోట తీసుకున్నాక, భూమి పోయిన ఇంటికొక ఉద్యోగం అన్నారు. మా ఇంట్లో మగపిల్లలం ఇద్దరం. పెద్దవాడు ఆయన. న్యాయంగా ఆ ఉద్యోగం ఆయనదే. మా అమ్మ కూడా అలాగే అనుకుంది. పేరు రాయించాల్సిన రోజు పొద్దున్నే ఆయన నా చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చి మంచం మీద పెట్టాడు.

"ఇదేటన్నా, ఎల్లాల్సింది నువ్వు కదా?" అన్నాను.

"నీకు అచ్చరాలొచ్చు, నాకు బరువులొచ్చు. బరువులు ఎక్కడైనా దొరుకుతాయి. ఎల్లు, బేగి."

అమ్మ ఏదో అనబోయింది. "నువ్వూరుకోయే అమ్మా. ఈడి నెత్తిమీద మూటెడితే మూటా పడతాది, ఈడూ పడతాడు" అని ఆమెను నవ్వించేశాడు. అంతే. ఆ తర్వాత జీవితంలో ఎన్నడూ ఆయన ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారైనా ఎత్తి దెప్పి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఉద్యోగమంటే జీతం అనుకుంటాం. జీతం అందులో ఒక ముక్క మాత్రమేనని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. నాకు జ్వరం వస్తే నేను మంచం ఎక్కేవాణ్ణి, జీతం మాత్రం నడిచేది. ఆయనకి జ్వరం వస్తే బస్తాతో పాటు జ్వరాన్ని కూడా భుజాన వేసుకునేవాడు. మా క్వార్టర్లో కుళాయి తిప్పితే నీళ్ళు. మా వదిన వీధి కుళాయి దగ్గర బిందె పెట్టి, దానికి కాపలాగా తనూ నిలబడేది. నా పన్ను కదిలితే డాక్టరు కట్టుపన్ను పెట్టాడు. ఆయన పన్ను కదిలితే తనే వేళ్ళతో ఊడదీసుకుని, రాత్రి చోడి అంబలి తాగి పడుకున్నాడు. ఒకే తల్లి పాలు తాగినవాళ్ళం, ఒకే కంచంలో తిన్నవాళ్ళం. యాభై దాటేసరికి ఆయన నాకు తండ్రిలా కనిపించడం మొదలుపెట్టాడు.

నా కంటికే కాదు. ఒకసారి ఇద్దరం సింహాచలానికి సిటీ బస్సెక్కాం. ఒక్క సీటే ఉంటే ఆయన నన్ను దాంట్లోకి తోసేశాడు. కండక్టరమ్మ వచ్చి నా భుజం తట్టింది. "లెగండి సార్, మీ నాన్నగార్ని కూసోనివ్వండి, పాపం ఆయాసపడతన్నారు" అంది.

నేను లేవబోయేలోగా మా అన్న నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "ఉండనీ తల్లీ. ఈడు నా సిన్న కొడుకు. ముద్దెక్కువైపోనాది, నిలబడడం నేర్పనేదు."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. సింహాచలంలో దిగేదాకా ఆ సీటు నన్ను పొడుస్తూనే ఉంది.

శనివారం పని లేకపోతే ఆయన నా ప్రవచనానికి వచ్చేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. చెప్పులు విడిచేచోట మెట్టు మీద కూర్చునేవాడు. అయ్యాక ఇద్దరం సెంటర్లో టీ తాగేవాళ్ళం. అదే నాకు అసలు పరీక్ష. ఫలం మీద చూపు పెట్టకుండా పని చేయడమే మన వంతని ఒకనాడు గంటసేపు గర్జించాను. ఆయన టీ ఊదుకుంటూ, "మా మేస్త్రీ కూడా అచ్చం ఇదే సెప్తాడ్రా. ఆడూ ఈ పుస్తకాలు సదివినాడేటి?" అన్నాడు.

మరోసారి పేదరికం మీద చెప్పాను. ఎవరు చేసుకున్నది వారికేనని, పోయిన జన్మలో విత్తిందే ఈ జన్మలో కోస్తామని చెప్పాను. బాగా చెప్పాననే అనుకున్నాను. జనం తలలూపారు. టీ కొట్టు దగ్గర ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నాకో అనుమానంరా. పోయిన జన్మలో కూడా మనం అన్నదమ్ములమేనా?"

"అయ్యుండొచ్చు."

"అయితే పుణ్యం కూడా ఇంటికొక్కటే ఇచ్చినారేట్రా?"

టీ కొట్టతను పకపకా నవ్వాడు. నాకు కోపం వచ్చింది. సంచిలోంచి గ్రంథం తీశాను, ఆధారం చూపిద్దామని. "పుస్తకం లోపలెట్టీ, టీ సల్లారిపోతన్నాది" అన్నాడు ఆయన.

నాకు బాగా పేరు తెచ్చిన ఘట్టం ఒకటుంది. అన్న వదిలిపెట్టిన రాజ్యం ఏలనని, అన్న పాదుకల్ని సింహాసనం మీద పెట్టి, నార కట్టుకుని ఊరి బయట నేల మీద పడుకున్న తమ్ముడి ఘట్టం. దాన్ని చెబుతుంటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకునేవారు, నా గొంతూ బొంగురుపోయేది. అయ్యా, అమ్మా, ఒక మాట చెబుతాను. ఆ తమ్ముడు అన్న ఇచ్చిన దాన్ని ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను, తిన్నాను, దాని మీద మేడ కట్టాను. ఎవరి దగ్గరా దొంగిలించలేదు. చట్టం ఇచ్చింది, అన్న ఇచ్చాడు, నేను కష్టపడ్డాను. ఎటునుంచి చూసినా నా వైపు పాపం కనిపించదు. పాపమే ఉంటే దానికి ప్రాయశ్చిత్తం అన్నా దొరికేది.

ఆ ఘట్టం ఆయన విన్న రోజున "ఎలా ఉందన్నా?" అని అడిగాను. "నీ గొంతు ఉరుముతాదిరా, బాగుంటాది. వానే పడదు" అన్నాడు, నవ్వుతూనే.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరూ పట్టించుకోలేదు. కళాసీలకి దగ్గు ఉంటుందిలే అనుకున్నారు. ఊపిరి అందక మెట్లెక్కలేని స్థితి వచ్చాక నేను ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరు మంచివాడు. ఊపిరితిత్తుల్లో సిమెంటు పేరుకుందని, దుమ్ముకి దూరంగా ఉండాలని, వారం వారం వచ్చి చూపించుకోవాలని నెమ్మదిగా చెప్పాడు. "దుమ్ము నేని పనుంటే సూపించండి బాబూ, రేపే ఎల్తాను" అన్నాడు మా అన్న. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. డాక్టరు కాగితం మీదికి తల వంచుకున్నాడు.

రిటైరయ్యాక కూడా నాకూ నా భార్యకూ వైద్యం జరిగే ప్లాంటు ఆసుపత్రి ఒకటుంది. దానికొక మెడికల్ బుక్కు ఉంటుంది. అది పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళాను. మా అన్నని దాంట్లో చేర్చుకోమన్నాను. "అన్నదమ్ములు కుటుంబం కిందకి రారండి" అన్నాడు గుమస్తా. మర్యాదగానే అన్నాడు. భూమి తీసుకునేటప్పుడు మేమిద్దరం ఒకే ఇల్లు. మందు ఇచ్చేటప్పుడు రెండిళ్ళు. ఇందులో గుమస్తా తప్పు లేదు, డాక్టరు తప్పు లేదు. అందుకే ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. అరవడం ఒక్కటే చేతనైనవాణ్ణి.

నువ్వు సాయం చేయలేదా అని మీరు అడగవచ్చు. చేశాను. మందులు కొన్నాను, మా ఇంటికి వచ్చి ఉండమన్నాను. రెండు రోజులుండి, "మీ ఇల్లు మెత్తగా ఉన్నాదిరా, అలవాటైపోతే కట్టం" అని వెళ్ళిపోయాడు. సాయం వేరు, హక్కు వేరు. సాయం తీసుకున్న ప్రతిసారీ ఆయన కాస్త వంగేవాడు. నేను మాత్రం బుక్కు పట్టుకుని ఆసుపత్రిలోకి నిటారుగా నడిచేవాణ్ణి.

ఒక సాయంత్రం కంచరపాలెం వెళ్ళాను. వదిన పొయ్యి దగ్గర ఉంది. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, మనిద్దరివీ ఒకే పోలికలు. గెడ్డం గీయించుకో, నా సొక్కా తొడుక్కో. నా బుక్కు పట్టుకెల్లి నా పేరు సెప్పు. పెద్ద డాక్టరు సూత్తాడు. బెడ్డిస్తారు" అన్నాను.

సత్యం మీద ఏళ్ళ తరబడి గర్జించినవాణ్ణి, అబద్ధం ఆడమని అన్నని బతిమాలుతున్నాను. ఆ పూట ఏ గ్రంథమూ నాకు అడ్డు రాలేదు. ఆయన నా వంక చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది. చాలాసేపటికి తేరుకున్నాడు.

"నీ పేరెట్టుకుని ఎల్లి అక్కడే గుటుక్కుమన్నాననుకో. అప్పుడు సచ్చిందెవుడ్రా? నీ పెల్లానికి బొట్టు సెరిపేత్తారు. మీ వదిన దర్జాగా పూలెట్టుకుని తిరుగుతాది."

"నీ నోట్లో మన్నడ, ఏం మాటలవి?" అని వదిన గరిట ఎత్తింది.

నేను నవ్వలేదు. మళ్ళీ బతిమాలాను. అప్పుడు ఆయన నా చేతిలోంచి బుక్కు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి నా సంచిలో గ్రంథం పక్కన పెట్టాడు.

"దొరికిపోతే ఇది లాగేసుకుంటారు. ఇంటికొక్కటే గదరా ఇచ్చినారు. అదీ పోగొడతావేటి?"

ఇంటికి, అన్నాడు. అప్పటికీ ఆయన లెక్కలో మాది ఒకటే ఇల్లు.

పెద్దకర్మ రోజున నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. కళాసీలంతా వచ్చి పట్టాల పక్కన వేసిన షామియానా కింద కూర్చున్నారు. సంచిలో గ్రంథం ఉంది. తెరవలేదు. వాళ్ళ ముందు ఎవరు చేసుకున్నది వారికే అన్న మాట నా గొంతు దాటి రాలేదు. చేతులు జోడించి కూర్చుండిపోయాను. గొప్ప గొంతుగాడు ఏడుస్తున్నాడనుకున్నారు.

అందరూ వెళ్ళాక గదిలోకి వెళ్ళాను. మంచం ఎత్తేశారు. సున్నం వేసిన గోడ మీద, కూర్చున్న మనిషి తల ఉండేచోట, గుండ్రంగా నల్లని నూనె మరక ఉంది. ఏమిటని వదినని అడిగాను.

"మీ అన్న తల. పడుకుంటే ఊపిరాడేది కాదు గదా. ఈ ఏడాదంతా మంచం మానీసి అక్కడే కింద, గోడకి సేరబడి కూసునే తెల్లారబెట్టీసేవాడు. రేపు సున్నం కొట్టించీయాల, ఇల్లు అద్దెకిచ్చినోళ్ళు ఒప్పుకోరు."

నేను నేల మీద కూర్చున్నాను. గోడకి వీపు ఆనించాను. తల వెనక్కి వాల్చాను. సరిగ్గా ఆ మరకలోనే ఆనింది, అంగుళం పైకి లేదు, అంగుళం కిందకి లేదు. అదే ఎత్తు, అవే ఎముకలు.

"అక్కడ ఆనకు మరిదీ, సొక్కా మాసిపోతాది" అంది వదిన.

బయట గూడ్సు బండి పోతోంది. దాని అదురు గోడలోంచి నా వీపులోకి, వీపులోంచి ఛాతీలోకి పాకుతోంది. నేను ఊపిరి పీల్చాను. హాయిగా, ఏ అడ్డూ లేకుండా, నిండుగా అందింది.