మూడు చుక్కల తుపాకీ

విజయవాడ వన్ టౌన్‌లో నా కొట్టు బోర్డు మీద కుట్టుమిషన్ల రిపేరు అని ఉండేది. లోపల మాత్రం ఏటా తిరునాళ్ళ ముందు గాలి తుపాకులు వరసగా పడుకుని ఉండేవి. అన్నీ బెలూన్లు కాల్చే అంగడివి, కొన్ని నాకంటే వయసులో పెద్దవి. ఆ అంగడివాడు వాటిని గోనెసంచిలో తెచ్చి దింపి, ఏటా ఒకటే మాట చెప్పేవాడు.

"స్ప్రింగు చూడండి, వాషర్ మార్చండి. గురి మాత్రం బాగుచేయకండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

లోపలి తోలు వాషర్ ఎండిపోతే గాలి నిలవదు. కొత్తది కత్తిరించి, ఆముదంలో నానబెట్టి, మెత్తబడ్డాక ఎక్కించి, బట్టల సబ్బు మీద కాల్చి చూసేవాణ్ణి. గుండు సబ్బులో గోరంత లోతు దిగితే చాలు, తుపాకీ కోలుకున్నట్టే. తర్వాత మొదలయ్యేది అసలు పని. గొట్టం చివర గురి చూసే ముక్కను సుత్తితో ఒకదానికి కుడికి, ఒకదానికి ఎడమకి మెల్లగా తట్టేవాణ్ణి. బాగుచేసి మరీ చెడగొట్టే వృత్తి నాదొక్కడిదేనేమో!

ఒక్కదాన్ని మాత్రం సూటిగా ఉంచి, వెనక చెక్క మీద మేకుతో మూడు చుక్కలు పెట్టేవాణ్ణి. తుపాకీలోనే తేడా ఉందని ఎవరైనా తగువుకొస్తే అంగడివాడు దానితో కాల్చి చూపించి నోరు మూయించేవాడు. ఆ చుక్కల సంగతి మా ఇద్దరికే తెలుసు.

నాకు కొత్తగా పెళ్ళయిన రోజులవి. మా మావగారిది గన్నవరం. కుర్రతనంలో గాలి తుపాకీతో తొడిమ కొట్టి మామిడికాయ దింపేవారని ఆయనే చెప్పేవారు. చూసినవాళ్ళెవరూ నాకు తగల్లేదు. ఆయన నోట 'అల్లుడు గారూ' అనిపించుకోవాలని నాకు మహా కోరిక. ఆయనేమో నలుగురిలోనూ "ఏమోయ్ రిపేరూ" అనేవారు. పెళ్ళిళ్ళ పేరయ్య నన్ను మెకానిక్ అని చెబితే, కార్ల మెకానిక్ అనుకున్నారట. ఆ కోపం చల్లారలేదు.

ఆ ఏడు తిరునాళ్ళకి నన్నూ మా ఆవిడనీ వెంటబెట్టుకు వెళ్ళారు. బెలూన్లు కనపడగానే కండువా సర్దుకున్నారు.

"చూడవోయ్ రిపేరూ, కాల్చడమంటే ఏంటో!"

ఆరు గుండ్లు కాల్చారు. ఆరూ వెనక తెరకే తగిలాయి. నేను వంచిన తుపాకీయే కాబట్టి ఏది ఎటు పోతుందో నాకు ముందే తెలుసు. నవ్వాపుకోలేక మా ఆవిడ వెనక నక్కాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కానీ ఆ 'రిపేరూ' కడుపులో మండుతోంది. మూడు చుక్కల తుపాకీ అడిగి తీసుకుని ఆరుకి ఆరూ పేల్చాను. జనం ఈలలు వేశారు. మావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడిపోయారు. ఆ ముఖం చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

పెద్దాయన చిన్నబోయాడని అంగడివాడికి జాలేసినట్టుంది. ఆయన చెవి దగ్గరికి వచ్చి, నాకూ వినపడేలా ఓదార్చాడు.

"మీ తప్పేం లేదండీ. ఈ వంకర్లన్నీ ఆ బాబు పెట్టినవే. ఆయన తీసుకున్నదొక్కటే మంచిది."

బస్సులో మా ఆవిడ దారి పొడుగునా నా చెయ్యి గిల్లుతూనే ఉంది.

వారం తిరక్కుండా ఆయన కొట్టుకి వచ్చారు. తువ్వాల్లో చుట్టిన తన పాత తుపాకీ బల్ల మీద పెట్టారు.

"అల్లుడు గారూ..." అన్నారు. నా చేతిలో సుత్తి కిందపడింది.

"దీనికీ వంకర పెట్టాలి."

"మంచిదాన్ని చెడగొట్టడం ఎందుకండీ మావయ్య గారూ?"

"కళ్ళు ఆనట్లేదయ్యా. శుక్లాలంట. మొన్న ఆరూ తప్పితే నా పని అయిపోయిందనుకున్నా. తుపాకీయే వంకరని తెలిశాక ఆ పూట అన్నం సయించింది. ఇంటి దగ్గర చెప్పుకోడానిక్కూడా ఏదో ఒకటి ఉండాలిగా?"

నవ్వొచ్చింది. సబ్బు మీద కాల్చి చూశాను. గుండు గీత గీసినట్టు సూటిగా వెళ్ళింది. అంత మంచి తుపాకీని, మనసొప్పకపోయినా, మెల్లగా ఒక్క దెబ్బ తట్టాను.

అప్పట్నుంచి పెరట్లో మామిడికాయ తప్పినప్పుడల్లా, పక్కనున్నవాళ్ళకి తుపాకీ చూపించి "మా అల్లుడు గారు బాగుచేశారండీ" అని చెప్పేవారు. నేను కోరుకున్న పిలుపు ఊరంతా మోగిపోయింది. గన్నవరం నుంచి మాత్రం ఒక్క కుట్టుమిషనైనా నా కొట్టుకి రాలేదు.