ఊరికే వచ్చిన సిస్టమ్

లక్ష్మీపతి ఇరవై రెండేళ్లు బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ అనుమానం వదల్లేదు. పుంగనూరులో ఆయన ఇంటికి పాల ప్యాకెట్టు వస్తే, అటూ ఇటూ తిప్పి తేదీ చూడందే లోపలికి పోనివ్వడు. కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు వేసిన కూరగాయలామెను రెండు రోజులు ఓ కంట కనిపెట్టి చూశాడు. ఊరికే ఇచ్చేవాళ్లంటే ఆయనకు అస్సలు గిట్టదు. టికెట్ లేకుండా ఎక్కినవాడు ఎంత మర్యాదగా నవ్వినా టికెట్ లేనివాడే కదా.

అట్లాంటి మనిషికీ ఒక పిచ్చి ఉంది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో బస్సు నడిపే ఆట ఆడతాడు. కండక్టరుగా చేరి ఇన్‌స్పెక్టరు అయ్యాడు తప్ప డ్రైవరు సీట్లో ఒక్కరోజూ కూర్చున్నవాడు కాదు. కూతురు కీర్తన చదరంగం పెట్టిచ్చింది, క్రికెట్ పెట్టిచ్చింది. రెండూ వద్దన్నాడు. చదరంగంలో మిషను దొంగాట ఆడుతోందని ఆయన గట్టి నమ్మకం. పొద్దున కాఫీ తాగి ఘాట్ రోడ్డులో రెండు ట్రిప్పులు కొడితేనే ఆయనకు రోజు మొదలైనట్టు.

ఆ కంప్యూటరు మొరాయించింది. కుప్పంలో లెక్చరరుగా పనిచేసే కీర్తన ఫోన్ చేసింది.

"పాత విండోస్‌కు ఇంక అప్‌డేట్లు రావు నాయనా. కొత్తదాన్ని ఆ మిషన్ మోయలేదు. లినక్స్ అని ఇంకో సిస్టమ్ ఉండాది, అది వేపిస్తా. అది ఊరికే వస్తాది."

"ఊరికే యాల ఇస్తారు?"

"అందరూ కలిసి సేసింది. లోపల ఏం రాసుండాదో ఎవురైనా తెరిసి సూసుకోవచ్చు."

"నా బస్సు ఉంటాదా, పోతాదా?"

"ఆ ఆట దీంట్లో నడవదు. అట్లాంటిదే ఇంకొకటి ఉండాది. నా స్టూడెంటు శ్వేత అని మదనపల్లె పాప, సెలవులకు ఊరికి పోతా పోతా వేసిస్తాదిలే."

శనివారం శ్వేత వచ్చింది. ఆమె కుర్చీ వెనకాలే నిలబడి లక్ష్మీపతి ప్రతి క్లిక్కూ చూస్తున్నాడు. సగం పనయ్యాక అలవాటు కొద్దీ అడిగాడు.

"ఎవురి బిడ్డవమ్మా నువ్వు?"

"కండక్టర్ నాగేంద్ర కూతుర్ని సార్."

లక్ష్మీపతి కుర్చీ వెనకనుంచి పక్కకు జరిగాడు. పదిహేడేళ్ల కిందట మదనపల్లె పోయే బస్సులో ఒక అవ్వకు టికెట్ కొట్టకుండా ఎక్కించుకున్నాడని నాగేంద్ర మీద కేసు రాసింది ఆయనే. మనిషి నాలుగు నెలలు సస్పెన్షన్లో ఇంట్లో కూర్చున్నాడు. అప్పటికి ఈ పిల్ల మూడేళ్లది అయ్యుంటుంది.

"నువ్వు ఈడికి వచ్చేది మీ నాయనకు తెలుసునా?"

"తెలుసు సార్" అంది శ్వేత. కొత్త సిస్టమ్ వేసి, కొత్త బస్సు ఆట పెట్టి, ఆయన భార్య మునిరత్నమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లిపోయింది. ఏమీ తీసుకోలేదు. లక్ష్మీపతికి అక్కడే లెక్క తప్పింది. పగ ఉన్నవాళ్లు ఊరికే మంచి చేస్తారా? మిషన్లో ఏదో పెట్టే ఉంటుంది.

ముందు భార్య బొట్టుబిళ్ళ ఒకటి తెచ్చి కంప్యూటరు కెమెరా మీద అంటించాడు. పాస్‌వర్డు మూడుసార్లు మార్చాడు. నోటుబుక్కు తీసుకుని, అర్థంకాని పేరున్న ఫైలు కనపడినప్పుడల్లా రాసుకున్నాడు.

"యాలప్పా ఇంత ఆరాటం? ఆ బిడ్డ ఏం దాచిపెట్టిందని?" అంది మునిరత్నమ్మ.

"దొరికినాక సెప్తా."

నాలుగు రోజులు వెతికాడు. ఏమీ దొరకలేదు. బస్సు ఆట చూస్తే పాతదానికంటే బాగుంది, బ్రేకు కూడా మెత్తగా పడుతోంది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. ఒక్క స్టాపు దాటి ముందుకు పోవడానికి ధైర్యం చాల్లేదు. అసలు తన బస్సు తనకు దక్కనట్టేనా అని దిగులు పడ్డాడు. ఐదో రోజు ఉండబట్టలేక శ్వేతకు ఫోన్ చేశాడు. ఎత్తింది నాగేంద్ర.

"పాప స్నానానికి పోయుండాది సార్. మిషన్ సరిగ్గా లేదా?"

"బాగుండాది. అదే నాకు అర్థం కాలేదు. నువ్వేమన్నా సెప్పి పంపినావా?"

"సెప్పినా సార్. ఆ సారు ప్రతీదీ రెండుసార్లు సూస్తాడు, జాగ్రత్తగా సెయ్యమ్మా అని సెప్పినా."

లక్ష్మీపతి చేతిలో నోటుబుక్కు మూశాడు.

"ఆ పొద్దు బస్సులో ఉండిన అవ్వ యాడికి పోతాండె?"

"మదనపల్లె ఆస్పత్రికి సార్. రామసముద్రం ఆమె. మనవడిని ముందు బస్సులో ఎత్తుకోని పోయినారు. ఈమె సేతిలో రూపాయి లేకుండా ఎట్లుండేది అట్లే పరిగెత్తుకోని వచ్చింది."

"ఆ మాట అప్పుడే సెప్పుంటే..."

"మీరు అడగలేదు గదా సార్."

నాగేంద్ర గొంతులో కోపం లేదు. ఉండుంటే బాగుండేది అనిపించింది లక్ష్మీపతికి. కేసు కాగితంలో గళ్లన్నీ తనే నింపాడు. బస్సు నెంబరు, స్టేజీ, టైము, కండక్టరు పేరు. మనిషి ఎందుకు పోతోందో రాయడానికి అందులో గడి లేదు. గడి లేదు గనక ఆయన అడగలేదు. ఆయనకు సిగ్గేసింది.

"రేపు ఇంటికాడ ఉంటావా నాగేంద్రా? నేను మదనపల్లెకు వస్తాను."



"యాల సార్?" అని అడిగాడు నాగేంద్ర, అనుమానంగా.