మా అన్న ఎత్తిన శ్రుతి

మా ఆయన ఆర్విల్ ఐసన్ పేరెత్తితే చాలు, ఈ కొండల్లో ఎవరైనా ఒకటే అంటారు: గొంతు పోయి బ్యాండు మానేశాడు పాపం అని. ఆ పాపం అన్న మాట వినబడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన గొంతు పోలేదు. పోయిందని నమ్మించారు. నమ్మించినవాడు పరాయివాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. వాడు నా తోడబుట్టినవాడు.

మా అన్న డెంజిల్, నేను బేర్‌పెన్ వాగు పక్కన పుట్టి పెరిగాం. మా చర్చిలో వాయిద్యాలు ఉండవు. పెద్దవాళ్ళలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళం అందుకుంటాం. వాళ్ళు ఎక్కడ ఎత్తితే అదే శ్రుతి. ఎక్కువైందనీ తక్కువైందనీ ఎవరూ అనరు, అనడం మర్యాద కాదు. మా అమ్మమ్మ కట్టిన పాట ఒకటి ఉంది, ‘అవతలి ఒడ్డు’ అని. ఏటికి ఆ పక్కన లాంతరు పట్టుకుని పిల్లల కోసం నిలబడ్డ తల్లి పాట. చిన్నప్పుడు దాన్ని డెంజిల్, నేను కలిసి పాడేవాళ్ళం. కళ్ళు మూసుకుని వింటే ఎవరిది ఏ గొంతో తెలియదని మా జూలా పిన్ని అనేది. వాడిది మగాడి గొంతయ్యాక కూడా ఆ పోలిక పోలేదు. మాట చివర సాగదీయడం, ముక్కులోంచి వచ్చే ఆ జీర, అంతా ఒకే అచ్చు. కానీ ఆడపిల్ల మగాళ్ళ వెంట ఊళ్ళు పట్టుకుని తిరగడమేమిటని మా నాన్న అడ్డం పడ్డాడు. బ్యాండు పెట్టాలని తహతహలాడుతున్న మా అన్నకి నా చోట పాడేవాడు ఇంకొకడు కావలసి వచ్చాడు.

వాణ్ణి తను పనిచేసే బొగ్గు గనిలోనే పట్టుకొచ్చాడు. షిఫ్టు దిగి అందరూ బొగ్గు మసి కడుక్కునే చోట, నీళ్ళ చప్పుడు మీదుగా ఎవడో పాడుతుంటే విన్నాడట. వినీ వినగానే తడి తల కూడా తుడుచుకోనివ్వకుండా మా ఇంటికి లాక్కొచ్చాడు. మా అమ్మ బీన్స్, మొక్కజొన్న రొట్టె పెట్టింది. ఆర్విల్ తల వంచుకుని తిన్నాడు, రెండోసారి పెట్టమని అడగడానికి కూడా సిగ్గుపడ్డాడు. తిన్నాక మా అన్న ‘అవతలి ఒడ్డు’ ఎత్తుకున్నాడు. ఆర్విల్ దాని పైనుంచి తన వరస అందుకున్నాడు. మా అమ్మ గరిటె పక్కన పెట్టి అలాగే నిలబడిపోయింది. నా సంగతి చెప్పక్కర్లేదు. పెళ్ళి ఏడాది తర్వాత అయింది గానీ నా మటుకు ఆ పూటే అయిపోయింది.

అట్లా మొదలైంది బేర్‌పెన్ బాయ్స్ బ్యాండు. గిటారూ అసలు పాటా మా అన్నవి. మాండలినూ పై గొంతూ మా ఆయనవి. బ్లూగ్రాస్ అనే మా కొండల పాటకి ఆ పై గొంతే ప్రాణం. వయసు మీద పడితే ముందు బీటలిచ్చేదీ అదే. మంద్రంగా మోగే నిలువెత్తు బేస్ వాయించే హోబర్ట్ మొదటినుంచీ ఉన్నాడు. బాంజోవాళ్ళు, ఫిడేలువాళ్ళు వస్తూ పోతూ ఉండేవారు. ఒకడు పెళ్ళాం పోరు పడలేక, ఒకడు పెళ్ళాం కావాలని మానేశాడు. కిరాణా కొట్ల ముందు లారీ మీద నిలబడి వాయించారు, శనివారం పొద్దున్నే రేడియోలో వాయించారు, వేసవి ఉత్సవాల్లో వానలో తడుస్తూ వాయించారు. పాత స్కూలు బస్సు ఒకటి కొని సీట్లు పీకేసి మంచాలు వేసుకున్నారు. అది ఎక్కిన ప్రతి కొండ దగ్గరా ఆగిపోయేది. గనిలో పని మానేసిన రోజు మా ఆయన టిఫిను డబ్బా వాగులోకి విసిరేశాడు. మళ్ళీ నేనే దిగి తెచ్చాను, మంచి డబ్బా.

అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడేవారు. వంతు వచ్చినవాడు ముందుకు దూరాలి, అయిపోగానే పక్కకి తప్పుకోవాలి. మా అన్నా మా ఆయనా మాత్రం భుజం భుజం రాసుకుంటూ ఎప్పుడూ కలిసే దూరేవారు. అన్నేళ్ళలో ఒకరి మాండలిను ఇంకొకరి గిటారుకి తగల్లేదు. మాటలన్నీ మా అన్నవే. మా బావకి మాటలు రావండీ, ఉన్నవన్నీ మా చెల్లెలు లాగేసుకుంది అని ప్రతి ఊళ్ళోనూ అనేవాడు. జనం నవ్వేవారు. మా ఆయన టోపీ కిందికి లాక్కుని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, దిక్కుమాలినదాన్ని.

ప్రతి కచేరీ మధ్యలో ఒక పాటకి వాయిద్యాలన్నీ కింద పెట్టేసేవారు. టోపీలు తీసేవారు. పాడే నలుగురూ దగ్గరికి జరిగేవారు. మా అన్న కళ్ళు మూసుకుని గొంతులో సన్నగా శ్రుతి పలికించేవాడు. ‘అవతలి ఒడ్డు’ మొదలయ్యేది. జనం లేచి నిలబడేవారు, వాళ్ళూ టోపీలు తీసేవారు. ఆ పాట కోసమే వచ్చేవాళ్ళు ఉన్నారు. చావుల దగ్గర పెట్టుకుందామని టేపుల్లో పట్టుకుపోయేవాళ్ళూ ఉన్నారు.

మా అన్న కొడుకు కోరీకి మీసాలొచ్చి, గొంతు మంచి పదునుగా తేలింది. కుర్రాడు మంచివాడే, అత్తా అత్తా అని నా చుట్టూ తిరిగేవాడు. వాడు అప్పటికే వేరే బ్యాండులో పాడుతున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆయనకి ‘అవతలి ఒడ్డు’ అందడం మానేసింది. మొదట చివరి చరణంలో కాస్త పట్టేది. తర్వాతి వేసవికి రెండో చరణంలోనే పట్టేది. మిగతా పాటలు శుభ్రంగా పాడుతున్నావుగా, ఇదొక్కటే ఏమిటని నేనడిగితే, వాయిద్యాలుంటే ఫిడేలు నా తప్పు కప్పేస్తుంది ఒపల్, ఇందులో గొంతు ఒంటరిగా నిలబడాలి, ఉన్నదేదో బయటపడుతుంది అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

నేను ఊళ్ళో జరిగే ఉత్సవానికి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. లాంతరు మాట దగ్గర ఆయన గొంతు చీలిపోయింది. జీర పోవడం కాదు, పచ్చి కట్టె విరిగినట్టు విరిగింది. ముందు వరసలో ఆడవాళ్ళు తల వంచుకున్నారు. ఆయన నోరు కదుపుతూ నిలబడ్డాడు గానీ చప్పుడు లేదు. మా అన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి మిగతా పాట తనే లాక్కొచ్చాడు. దిగాక, గనిలో పీల్చిన దుమ్ము ఇప్పుడు లేస్తోంది బావా, నిర్లక్ష్యం చేయకు అన్నాడు. అనడమే కాదు, తనే కారెక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. బయటికి వచ్చాక మా అన్న పెదవి విరిచి, వీళ్ళకి పాట గురించి ఏం తెలుసు అన్నాడట. మా ఆయన డాక్టరు మాట వదిలేసి వాడి మాట పట్టుకున్నాడు. నేను దొడ్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి, నేను రక్తం కక్కుకుని చస్తానా ఒపల్ అని అడిగాడు. అంత భయపెట్టారు ఆ మనిషిని.

చివరికి తనే వెళ్ళి, నా వల్ల పాటకి చెడ్డ పేరు రాకూడదు, నేను తప్పుకుంటాను అన్నాడు. మా అన్న ఏడ్చాడు. నిజంగా కన్నీళ్ళు కార్చాడు, నేను చూశాను. ఆ శరదృతువులో వీడ్కోలు సభ పెట్టి ఆయన పేరు చెక్కిన చెక్క ఫలకం ఇచ్చారు. మాటలు రాని మా ఆయన మైకు దగ్గరికి వెళ్ళి, నన్ను గనిలోంచి బయటికి లాగినవాడు డెంజిల్, వాడు లేకపోతే నేను లేను అన్నాడు. అంతటితో ఆగాడా? తన చోటికి కోరీ వస్తే పై వరస మొత్తం మా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పించాడు. ఎక్కడ ఊపిరి దాచుకోవాలో, ఎక్కడ మాట కొరికెయ్యాలో, అన్నీ. శ్రుతి మాత్రం ప్రతిసారీ మా అన్న వచ్చి ఎత్తేవాడు. కుర్రాడికి అదే అలవాటు కావాలని అనేవాడు. మా ఆయనకి అది అందక, కింది గొంతులో గొణిగి చూపించేవాడు.

ఆ తర్వాత ఆయన చర్చిలో కూడా నోరు విప్పలేదు. పెదవులు కదిపేవాడంతే. మాండలిను మంచం కింద పెట్టేశాడు. కోళ్ళని చూసుకునేవాడు, టమాటాలు వేసేవాడు, రేడియోలో బేర్‌పెన్ బాయ్స్ వస్తే కోరీ పాట విని తల ఊపేవాడు. కుర్రాడు నాకన్నా బాగా పాడుతున్నాడు అనేవాడు. రోషం కూడా లేదు మనిషికి.

మా అమ్మ పోయినప్పుడు బయటపడింది.

కొండ మీద మా వాళ్ళ సమాధుల దగ్గర పెట్టె దింపే ముందు ‘అవతలి ఒడ్డు’ పాడాలి. మా అన్న ఎత్తబోయి ఏడుపు అడ్డం పడి ఆగిపోయాడు. జూలా పిన్ని ఊరుకుంటుందా? అక్క కోసం ఆవిడే ఎత్తుకుంది. మా అమ్మమ్మ ఎక్కడ ఎత్తేదో అక్కడ, మా చిన్నప్పుడు మేమెక్కడ ఎత్తేవాళ్ళమో సరిగ్గా అక్కడ. అందరం అందుకున్నాం. నా పక్కన నిలబడ్డ మా ఆయన ఏదో ధ్యాసలో నోరు తెరిచాడు. ఆ గొంతు లేచింది చూడండి, ఎక్కడా తడబడకుండా, గనిలోంచి తడి తలతో వచ్చిన రోజున ఎట్లా లేచిందో అట్లా. లాంతరు మాట వచ్చింది. ఆ మాట మీదుగా హాయిగా నడిచి వెళ్ళిపోయాడు.

పాట అవగానే కోరీ అయోమయంగా తండ్రి వైపు తిరిగి, “ఇదేంటి నాన్నా, ఇంత కిందా? మనం ఎప్పుడూ దీనికి చాలా పైన కదా పాడేది?” అన్నాడు. మా అన్న నోరు ముయ్యమన్నట్టు వాడి మోచెయ్యి పట్టుకున్నాడు. హోబర్ట్ తన టోపీలోకి చూసుకుంటున్నాడు. ఆ చూపు చూడగానే నాకు అర్థమైంది. బ్యాండులో అందరికీ తెలుసు. మా ఇద్దరికే తెలియదు. వేసవికి కాస్త, వేసవికి కాస్త, వాయిద్యాలు కింద పెట్టిన ఆ ఒక్క పాటలోనే శ్రుతి పైకి జరుపుకుంటూ పోయాడు మా అన్న. కింద పాడే తనకి దానివల్ల పోయేదేమీ లేదు. భారమంతా పైవాడి గొంతు మీద పడుతుంది.

భోజనాలయ్యాక మా అమ్మ ఇంటి వెనక వసారాలో ఆయన మా అన్నని నిలబెట్టి అడిగాడు. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు.

“ఎందుకురా?”

“కోరీ ఆ బ్యాండుతో శాశ్వతంగా వెళ్ళిపోతానన్నాడు బావా. వాడికి ఇక్కడ చోటు చూపించాలి. నిన్ను పొమ్మని ఏ నోటితో అనను? జనం నా మొహాన ఉమ్మెయ్యరూ?”

“అందుకని పోతానని నాచేతే అనిపించావు.”

“ఎట్లాగూ వయసు వస్తుంది కదా. ఇవాళ కాకపోతే రేపు.”

“డాక్టరు బాగుందన్నప్పుడు నువ్వు నా పక్కనే కూర్చుని ఉన్నావు డెంజిల్. నా చెయ్యి కూడా పట్టుకున్నావు.”

మా ఇంట్లో పెద్దవాణ్ణి రా అనే అలవాటు లేదు, నేనెప్పుడూ అనలేదు. ఆ రోజు అన్నాను.

“తడిగుడ్డతో గొంతు కోశావు కదరా. కోసి, రక్తం వస్తోందేమో చూపించుకోమని ఆసుపత్రికి కూడా నువ్వే తీసుకెళ్ళావు.”

మా ఆయన నన్ను రెక్క పట్టుకుని బండెక్కించాడు. ఇంటికి రాగానే నేను ఆ ఫలకం గోడ మీంచి తీసి పొయ్యిలో పెట్టబోతే, వద్దు, కోళ్ళ గూటికి తలుపు చెక్క ఊడిపోయింది, దానికి కొడతాను అన్నాడు. కొట్టాడు. ఇప్పటికీ ఉంది, పేరు లోపలి వైపుకి.

గొంతు తన దగ్గరే ఉందని తెలిశాక పాడతాడని నేను ఆశపడ్డాను. మంచం కింద మాండలిను తీసి తుడిచాడు, తీగలు మార్చాడు. మళ్ళీ పెట్టేశాడు. చర్చిలో పాడమంటే, అక్కడ డెంజిల్ ఉంటాడన్నాడు. ఇంట్లో పాడమంటే, పై వరస ఒక్కటే పాడితే అది పాట కాదు ఒపల్, కింద ఒకరుండాలి అన్నాడు. నేనెంత తెలివితక్కువదాన్నో చూడండి, అంత మాట అన్నాక కూడా నాకు వెంటనే తట్టలేదు. కింద పాడడానికి నేను లేనూ? ఆయనకి ముందు ఆ పాట పాడింది నేనే కదా?

ఒక ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడుగుతున్నాను. ఆయన పక్కన నిలబడి తుడుస్తున్నాడు. కిటికీ తెరిచి ఉంది, మనసు కాస్త తేలిగ్గా ఉంది. ఏమీ చెప్పకుండా ‘అవతలి ఒడ్డు’ ఎత్తుకున్నాను, జూలా పిన్ని ఎత్తిన చోటే. వయసు మీద పడి నా గొంతు కూడా బాగా కిందికి దిగింది. ఆయన చేతిలో గిన్నె ఆగింది. రెండో పాదానికి అందుకున్నాడు. నా గొంతు మీదుగా ఆయనది లేచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనా నేనూ ఇద్దరమే కలిసి పాడడం అదే మొదటిసారి. ఇదీ నాకు రావలసింది, చిన్నప్పుడు మా నాన్న అడ్డం పడకపోతే మొదటినుంచీ నాదే అయ్యుండేది అనుకున్నాను.

లాంతరు మాట దగ్గరికి వచ్చాం. నేను మాట చివర సాగదీశాను, మా ఇంట్లో అందరం సాగదీసినట్టే. ఆయన ఆగిపోయాడు.

గొంతు పట్టేసిందేమోనని తిరిగి చూశాను. కాదు. తుడిచే గుడ్డ మడిచి బల్ల మీద పెడుతున్నాడు, చాలా నెమ్మదిగా.

“నువ్వు పాడకు ఒపల్,” అన్నాడు. “నీ తప్పేం లేదు. నీ గొంతులో వాడున్నాడు.”

తలుపు తీసుకుని కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను కుళాయి కట్టేసి అక్కడే నిలబడ్డాను. అప్పటినుంచీ మా ఇంట్లో నేను పాడను. పనిలో పడి నోట్లోంచి కూనిరాగం వచ్చినా, ఆయన విన్నాడేమోనని ముందు కిటికీ వైపు చూసుకుంటాను.