గుమ్మడికాయకు మగదిక్కు

ఆ రోజుల్లో పని లేని సాఫ్ట్‌వేరు కుర్రాణ్ణి ‘బెంచి మీద ఉన్నాడు’ అనేవారు. ఇప్పుడూ అంటున్నారనుకోండి, కానీ ఇప్పటి కుర్రాళ్ళు బెంచి మీద ఉంటే జిమ్ముకు వెళ్తున్నారు, ఊళ్ళు తిరిగి వస్తున్నారు. మాకు మాత్రం అది బళ్ళో వేయించే గోడకుర్చీ లాంటిది. ప్రాజెక్టు ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో, లేక టికెట్టు చేతిలో పెట్టి తణుకు పంపించేస్తారో తెలియక, నేను రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫోను పక్కన కూర్చునేవాణ్ణి. (ఫోన్లో చొక్కా కనబడదని నాకూ తెలుసు.) అలాంటి పరిస్థితిలో ఎవరు ఏ పని చెప్పినా కాదనే ధైర్యం ఉండేది కాదు. చేతిలో ఏదో ఒక పని ఉంటే చాలు, నేనూ ఒక మనిషినే అనిపించేది. నాలోని ఈ బలహీనతను అందరికంటే ముందు కనిపెట్టింది ఏడేళ్ళ దొరసాని.

దొరసాని అంటే నేను బ్రాక్‌నెల్ అనే ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళో బాక్స్ రూమ్, అదే ఒక్క మంచం పట్టే కొట్టుగది, అద్దెకు తీసుకున్న ఇంటివాళ్ళ అమ్మాయి. వాళ్ళమ్మ నాకు వరసకు అక్క కాదు గానీ, వచ్చిన రోజే వేడివేడి అన్నంలో పప్పు వేసి పెట్టింది కాబట్టి అక్క అయిపోయింది. బావగారు వారమంతా కార్డిఫ్‌లో క్లయింటు దగ్గర ఉండి శుక్రవారం రాత్రికి వచ్చేవారు. దొరసానికి మనం తెలుగులో చెప్పిందంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం టీవీలో వార్తలు చదివే ఆవిడలా ఇంగ్లీషులో వచ్చేది, అందుకే దొరసాని. దానికో తమ్ముడు, నాలుగేళ్ళ బుడ్డోడు. వీళ్ళు కాక ఆ ఏడాది అమలాపురం నుంచి అక్కావాళ్ళమ్మ, అంటే నేను పిన్నిగారని పిలిచే ఆవిడ, ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చారు. సూట్‌కేసులో బట్టల కంటే ముందు జంతికల గొట్టం, కర్పూరం డబ్బా సర్దుకొచ్చిన మనిషి ఆవిడ.

అది బళ్ళకు మధ్యలో ఇచ్చే హాఫ్ టర్మ్ సెలవుల్లో వచ్చిన హాలోవీన్, పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకునే పండగ. దొరసాని ఎవరితోనూ చెప్పకుండా నలుగురు స్నేహితుల్ని సాయంత్రం ఇంటికి పిలిచేసింది. పిలవడంతో ఊరుకుంటే బాగుండేది. కిందటి వారం ఎవరో పుట్టినరోజుకి చాక్లెట్ సాలీళ్ళు పెట్టారట, ఆ ఊపులో ఇది, “మా ఇంట్లో కనుగుడ్లు, మంత్రగత్తె వేళ్ళు పెడతారు, మీకు అంతకంటే భయమేస్తుంది” అని క్లాసులో చెప్పేసింది. అక్క విని తలపట్టుకుని, “సరేలే, సగం రోజు సెలవు పెట్టి వచ్చేస్తాను” అని ఆఫీసుకెళ్ళింది. మధ్యాహ్నం ఫోను మోగింది. నేను గొంతు సవరించుకుని గుడ్ ఆఫ్టర్నూన్ అన్నాను. ప్రాజెక్టు కాదు, అక్క. “తమ్ముడూ, ఇక్కడ మా మేనేజరు వదిలేట్టు లేడు. అమ్మ ఒక్కతే ఉంది. కాస్త నువ్వు చూడవా? ఏం లేదు, ఈజీయే, గుమ్మడికాయ కొయ్యడం, పిల్లలకి నాలుగు ట్రీట్లు, అదే చిరుతిళ్ళు, చెయ్యడం, అంతే” అంది. అప్పటికి నాకు చేతనైన వంట కోడిగుడ్డు పొరటు ఒక్కటే. అయినా పని దొరికిందన్న సంతోషంలో ఆ సంగతి గుర్తు రాలేదు.

వంటింట్లోకి వెళ్ళేసరికి బల్ల మీద నారింజరంగులో పెద్ద గుమ్మడికాయ, దాని ముందు కుర్చీ ఎక్కి నిలబడిన దొరసాని, చేతిలో కూరలు తరిగే కత్తి. ఎదురుగా చేతులు రెండూ చాపి అడ్డంగా పిన్నిగారు.

“ఆగవే తల్లీ, ఆగు! నిండు గుమ్మడికాయ మీద ఆడపిల్ల కత్తి పెట్టకూడదు. ముందు మగవాడు ఓ దెబ్బ వెయ్యాలి. ఆ తర్వాత ఎవరైనా తరుక్కోవచ్చు.”

“వై? ఇట్స్ మై పంప్‌కిన్!”

“నీదే. ఎవరు కాదన్నారు? పోనీ తమ్ముడి చేత ఓ గాటు పెట్టిద్దాం. వాడూ మగాడేగా.”

దొరసాని తమ్ముడి వంక చూసింది. బుడ్డోడు బల్ల కింద కూర్చుని కుడికాలి చెప్పు ఎడంకాలికి తొడుక్కుంటున్నాడు. ఈ మనిషి కొయ్యొచ్చుగానీ నేను కొయ్యకూడదా అన్న ప్రశ్న దాని కళ్ళల్లో నీళ్ళై తిరిగింది. పిన్నిగారు గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, “అదిగో, మీ అంకుల్ వచ్చాడు. ఇంట్లో మగదిక్కు ఉండగా మనకెందుకమ్మా దిగులు? రా నాయనా” అన్నారు.

నన్ను ఎవరూ ఏ కంపెనీకీ పిలవని ఆ రోజుల్లో, ఒక ఇంటికి మగదిక్కుగా పిలిచారు. నిజం చెప్పొద్దూ, ఛాతీ పొంగింది. చొక్కా చేతులు మడిచి, కత్తి అందుకుని, చూసి ఒక్క పోటు పొడిచాను. కత్తి దిగింది. దిగింది గానీ బయటికి రాలేదు. లాగితే గుమ్మడికాయ కూడా కత్తితో పాటు లేచింది. చివరికి పిన్నిగారు కాయను పట్టుకుని, దొరసాని నా నడుం పట్టుకుని, ముగ్గురం కలిసి లాగితే ఊడింది. “చూశావా, మగవాడు కొయ్యబట్టి పని సులువైంది” అన్నారు పిన్నిగారు ఎంతో గంభీరంగా. దొరసాని కత్తినీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ చూపే నాకు ఎక్కువ నామోషీగా తోచింది.

అది పెన్సిలుతో ముఖం గీసింది, నేను గీత మీదే కోశాను. కళ్ళు మామూలే. నోరు దగ్గరకొచ్చేసరికి ముందు రెండు పళ్ళూ లేకుండా గీసింది. అప్పుడు దానికీ ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. పూర్తయ్యాక దాన్ని ఎత్తి పట్టుకుని, తనూ నోరు తెరిచి, రెండు ముఖాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. ఇందాకటి కోపం అప్పుడు పోయింది. ఆ గుమ్మడికాయకు అది తన పేరే పెట్టుకుంది.

ఇక ట్రీట్లు. దెయ్యాలు చెయ్యడానికని అక్క మార్ష్‌మాలోల ప్యాకెట్టు, దూదిలాంటి తెల్ల మిఠాయిలు, కొనిపెట్టింది. పిన్నిగారు అందులో ఏముందో చదవమన్నారు. చదివాను. జెలటిన్ అంటే ఏమిటన్నారు. జంతువుల ఎముకల నుంచి తీస్తారని చెప్పాను. (చెప్పకుండా ఉండాల్సింది.) ఆ ప్యాకెట్టు పెరట్లో చెత్త బిన్నులోకి వెళ్ళిపోయింది, నేను చెయ్యి కడుక్కోవలసి వచ్చింది. దొరసాని పెదవి వణికింది. “వాళ్ళొచ్చేస్తారు. అప్పుడు నేను అబద్ధాలు చెప్పానంటారు” అంది ఇంగ్లీషులో. పిన్నిగారికి ఇంగ్లీషు రాదు, కానీ ఆ పెదవి అర్థమైంది. “ఏం కావాలంటోంది నాయనా?” అన్నారు. కనుగుడ్లు, వేళ్ళు అన్నాను.

“కనుగుడ్లూ వేళ్ళూ తినడం ఏవిటి? రాక్షసులా ఏవిటి ఆ పిల్లలు?”

“ఎగ్జాక్ట్లీ, అమ్మమ్మా!” అంది దొరసాని మొహం విప్పార్చి.

పిన్నిగారు కొంగు నడుముకు దోపుకున్నారు. నేను కొట్టు నుంచి తెచ్చిన కొబ్బరిపొడిని చూసి, “దీన్ని కొబ్బరంటారా మీ ఊళ్ళో? రంపప్పొట్టులా ఉంది” అని అమలాపురం తరపున చివాట్లు పెట్టి, పాలు, పంచదార పోసి దగ్గరకు ఉడికించారు. ఆ ముద్దను ఆరబెట్టి మేము గుండ్రంగా చుట్టాం. నడుమ ఒక నల్ల ఎండుద్రాక్ష. ఎర్ర నరాలు గీయడానికి దొరసాని కుంకుమ భరిణె పట్టుకొచ్చింది, పిన్నిగారు కెవ్వుమని లాక్కున్నారు, స్ట్రాబెర్రీ జాముతో సరిపెట్టాం. కనుగుడ్లు మమ్మల్నే చూస్తున్నట్టు కుదిరాయి. చేగోడీల పిండి పొడుగ్గా నలిపి, చివర బాదంపప్పు గోరులా అద్ది నూనెలో వేస్తే మంత్రగత్తె వేళ్ళయ్యాయి. అరటిపళ్ళు సగానికి కోసి నిలబెట్టి, చాక్లెట్ ముక్కలు కళ్ళుగా గుచ్చితే తెల్ల దెయ్యాలు. నిలబెట్టిన దెయ్యాల్ని బుడ్డోడు బల్ల కింద నుంచి చెయ్యి చాపి ఒక్కొక్కటే తింటున్న సంగతి ఆలస్యంగా తెలిసింది. పిన్నిగారు మాత్రం వేళ్ళు వేయిస్తూ మధ్యమధ్య “కృష్ణ కృష్ణ” అనుకుంటున్నారు. ఆ మధ్యాహ్నమంతా నేను ఫోను వంక ఒక్కసారి కూడా చూడలేదు.

చీకటి పడుతుండగా బెల్లు మోగింది. గుమ్మం పక్కన దొరసాని గుమ్మడికాయ, లోపలి కొవ్వొత్తి వెలుగులో, ముందుపళ్ళు రెండూ లేకుండా నవ్వుతోంది. తలుపు తీస్తే ఒక అస్థిపంజరం, ఒక పిశాచం, ఒక గబ్బిలం, తెల్ల దుప్పటి కప్పుకున్న ఇంకెవరో. వాళ్ళ వెనక, అందరినీ కార్లో తీసుకొచ్చిన ఎర్ర స్వెటరావిడ. ఆవిడ మన దొరసాని నల్లగౌను చూసి, గుమ్మడికాయ చూసి, “ఎంత ముద్దుగా ఉందో, ఎంత బాగుందో” అని నోరారా పొగిడింది. సరిగ్గా అప్పుడే బుడ్డోడు నా కాళ్ళ సందులోంచి తల బయటపెట్టి అస్థిపంజరాన్ని చూశాడు.

వాడు ఎత్తుకున్న రాగం బ్రాక్‌నెల్లో అంతకుముందు ఎవరూ విని ఉండరు. ఎత్తుకున్నాను, ఊపాను, కనుగుడ్డు పెట్టాను. అది చూసి ఇంకా ఏడ్చాడు. పిల్లలు ముసుగులు తీసి నచ్చజెప్పబోతే, లోపల ఇంకో ముఖం ఉన్నందుకు ఇంకా భయపడ్డాడు. ఊపిరి తిప్పుకోకుండా ఏడుస్తూ ముఖం కందగడ్డైంది. గుమ్మంలో పిల్లలు ఒకరి వంక ఒకరు చూసుకుంటున్నారు. ఎర్ర స్వెటరావిడ మర్యాదగా, “పాపం చిన్నవాడు. మేము ఇంకో రోజు రావచ్చు, పరవాలేదు” అంటూ ఒక అడుగు వెనక్కి వేసింది. దొరసాని ముఖంలో రక్తం లేదు. లోపల బల్ల మీద దాని కనుగుడ్లన్నీ దాని కోసం ఎదురుచూస్తున్నాయి.

“దిష్టి” అన్నారు పిన్నిగారు. “పిల్లలు ముచ్చటగా కనబడితే నోళ్ళు ఊరుకుంటాయా? అబ్బాయ్, ఆ గుమ్మడికాయ ఇటు తే.”

“అది దొరసానిది, పిన్నిగారూ” అన్నాను.

“దిష్టి తియ్యడానికి గుమ్మడికాయ కాక ఇంకేం కావాలి? తియ్యి, కొట్టు. మగదిక్కువి నువ్వే కదా.”

పెద్దవాళ్ళ మాట కాదనడం నాకు రాదు. ఆ రెండు పళ్ళు లేని ముఖాన్ని పగలగొట్టడమూ రాదు. మగదిక్కు రెండు చేతుల్లో గుమ్మడికాయ పట్టుకుని నిలబడిపోయాడు. దొరసాని ముందు తమ్ముడిని చూసింది, తర్వాత కాయను చూసింది. వచ్చిన స్నేహితులు వెళ్ళిపోవడానికి వెనక్కి తిరుగుతున్నారు. అప్పుడది నా చేతుల్లోంచి గుమ్మడికాయ లాక్కుని, వాళ్ళమ్మమ్మ ముందు నిలబడి, అంతకుముందెప్పుడూ లేనిది, తెలుగులో అంది:

“నాది. నేనే కొడతాను.”

పిన్నిగారు నోరు తెరిచారు. ఆడపిల్ల కొట్టకూడదన్న మాట ఆ నోటి దాకా వచ్చింది, నేను చూశాను. మనవరాలి గడ్డం వణుకుతోంది గానీ చేతులు వణకడం లేదు. పిన్నిగారు ఆ మాట మింగేశారు. “సరే. నీ కాయ, నీ తమ్ముడు. నువ్వే కొట్టవే బంగారం” అని, లోపలి కొవ్వొత్తి తీసేసి, పైన కర్పూరం వెలిగించి, మనవరాలి చేతులతో పాటు తన చేతులూ వేసి బుడ్డోడి చుట్టూ తిప్పారు. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి” అంటున్నప్పుడు ‘పొరుగు’ దగ్గర ఎర్ర స్వెటరావిడ వంక చూసి నవ్వారు. ఆవిడా నవ్వింది. అంతటితో ఆగకుండా పిన్నిగారు అస్థిపంజరానికీ, పిశాచానికీ, గబ్బిలానికీ, దుప్పటికీ, ఆఖరికి నాకు కూడా తిప్పించారు. కర్పూరం కొండెక్కింది. దొరసాని గుమ్మడికాయను తల మీదికెత్తి, కళ్ళు మూసుకుని, గుమ్మం బయట కొట్టింది.

ఫట్‌మని అది పది ముక్కలైంది. బుడ్డోడి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ముక్కలకేసి చూశాడు. తన అక్క దొరసానికేసి చూశాడు. కిలకిలా నవ్వి, “అగైన్!” అన్నాడు. తర్వాత అస్థిపంజరం గొంతు చించుకుని “బ్రిలియంట్!” అని అరిచింది. మా ఇంట్లోనూ చేస్తావా అని పిశాచం, మీ అమ్మమ్మ నిజం మంత్రగత్తేనా అని గబ్బిలం దొరసాని చేతులు పట్టుకుని ఊపేస్తున్నారు. ఎర్ర స్వెటరావిడ కాలి మీద పడ్డ గుమ్మడి గుజ్జును తుడుచుకుంటూ, “లవ్లీ” అంది. (ఈ దేశంలో ఆ మాటకు ఎన్ని అర్థాలో అప్పటికి నాకు తెలియదు.) నేను చీపురు తెచ్చాను.

అక్క వచ్చేసరికి గుమ్మం ముందు పగిలిన గుమ్మడికాయ, లోపల ముఖాల మీద జాము పూసుకుని వేళ్ళు కరకరలాడిస్తున్న పిశాచాలు. “ఏమైందమ్మా?” అంది హడలిపోయి. “దిష్టి తీశాం. నీ కూతురే కొట్టింది. ఒక్క దెబ్బకి!” అన్నారు పిన్నిగారు. ఆ ‘ఒక్క దెబ్బకి’ అంటున్నప్పుడు నా వంక చూశారని నా అనుమానం. ఆ రాత్రి నిద్రపోయే ముందు దొరసాని కాస్త ఏడ్చిందని అక్క తర్వాత చెప్పింది. నేను దానికి ఇంకో గుమ్మడికాయ కొనిస్తానన్నాను. వద్దంది. అది నాకు ఇప్పటికీ గుర్తే.

కొన్నాళ్ళకు నాకు ప్రాజెక్టు వచ్చింది. ఆవేళ నాకూ తిప్పించడం వల్లేనని పిన్నిగారు ఉన్నన్నాళ్ళూ చెప్పుకున్నారు, నేనూ కాదనలేదు. ఇప్పుడు ఆవిడ లేరు. దొరసాని పెద్దదై కార్డిఫ్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేస్తోంది. హాలోవీన్‌కి ఆఖర్న ఒక గుమ్మడికాయ పగలగొట్టకుండా దానికి పండగ పూర్తి కాదట.

మొన్న, ఇప్పుడు నేనుంటున్న వెంబ్లీలో, మా ఇంట్లోనూ గుమ్మడికాయ తెచ్చారు. నేను ఉత్సాహంగా చొక్కా చేతులు మడిచి, పెద్ద కత్తి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. మా అమ్మాయి అప్పటికే టోపీలా పైభాగం కోసేసి, గింజలు తీసేస్తోంది. నన్నూ, కత్తినీ చూసి, “డాడీ, ఐ డోంట్ నీడ్ యూ” అంది, ప్రేమగానే. నవ్వొచ్చింది. ఒక గుమ్మడికాయ కోసం పిలిస్తేనే లోకమంతా తనని పిలిచినట్టు పొంగిపోయిన ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు గుర్తొచ్చి, వాడి భుజం తట్టాలనిపించింది. కత్తి సొరుగులో పెట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇన్నేళ్ళకు మళ్ళీ బెంచి మీద.